వేడి మీద ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, ఫుల్ థ్రాటిల్: సొంతంగా కట్టిన విమానంలో 13బి రోటరీ ఇంజన్ ట్యూనింగ్

ఈ కేసులోని విమానం రెండు సీట్లది. రెక్కలు కింద ఉంటాయి, పెట్రోలు ట్యాంకులు ఆ రెక్కల్లోనే ఉన్నాయి. ఒడిశాలోని రాయగడలో ఇంటి వెనక షెడ్డులో అల్యూమినియం రేకు కోసి, రివెట్లు కొట్టి కట్టుకున్నది. కట్టినాయన మిల్లు మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడి తెలుగువాళ్లలో మెషీను పని నేర్చుకున్న మా అందరికీ ఆయన గురువుగారే. విమానం ముక్కులో ఉన్నది మాత్రం విమానాల ఇంజన్ కాదు, మాజ్దా కారు నుంచి వచ్చిన 13బి రోటరీ. నాది ఫ్యూయెల్ ఇంజెక్షన్ పని. ఆ ఇంజన్ను నమ్మదగిన స్థితికి తేవడం నా బాధ్యత. విమానం ఇంకా ఎగరలేదు. విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి చేతికి రాకుండా ఎగరకూడదు కూడా. ఇక్కడ రాస్తున్నదంతా నేల మీద చేసిన టెస్టింగ్ గురించే.

నా దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ స్టార్టవుతోంది, ఐడిల్లో నిలుస్తోంది. ఉదయం పూట థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే చక్కగా పైకి వెళ్తోంది. మధ్యాహ్నం ఒకసారి నడిపి, ఆపి, కాసేపయ్యాక మళ్లీ స్టార్ట్ చేసి థ్రాటిల్ తెరిస్తే తడబడుతోంది. కాసేపు అలా ఊగి, తర్వాత దానంతటదే సర్దుకుంటోంది.

“ఉదయం ఇంత బాగా నడిచింది కదా బాబూ, మధ్యాహ్నానికి దీనికి ఏటయింది?” అన్నారు గురువుగారు.

“ఉదయం నడవడం మనకి పరీక్ష కాదండీ గురువుగారూ. ఎక్కడో దిగి, టీ తాగి, మళ్లీ ఎక్కి ఎండలో టేకాఫ్ తీసుకునేటప్పుడు నడవాలి. ఆ తడబాటు అప్పుడే వస్తే కింద రన్‌వే అయిపోయి చెట్లుంటాయి” అన్నాను.

నా దృష్టిలో ఈ కేసంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సొంతంగా కట్టిన విమానాల్లో కారు ఇంజన్ పెట్టుకునేవాళ్లు మొదట పవర్ ఎంత వచ్చిందని చూస్తారు. నేను మొదట చూసేది, వేడి మీద ఆపిన ఇంజన్ని మళ్లీ స్టార్ట్ చేసి వెంటనే ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఒక్క క్షణం కూడా వెనకాడకుండా లాగుతుందా అన్నది. అది తేలేదాకా మిక్స్చర్ మ్యాపులు (ఎప్పుడు ఎంత పెట్రోలు పంపాలో చెప్పే పట్టికలు), టైమింగ్ (ప్లగ్గు వెలిగే క్షణం) నంబర్లు ముట్టుకోను.

ఇంజన్ గురించి కొంచెం

రోటరీ ఇంజన్ ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన. జర్మనీలో ఎన్ఎస్‌యూ కంపెనీలో మొదటి ప్రోటోటైపు 1957లో నడిచింది. మాజ్దా 1967లో కాస్మో కారుతో రెండు రోటర్ల ఇంజన్ను రోడ్డెక్కించింది. 1991 లెమాన్స్ రేసు గెలిచిన 787బి కారులో నాలుగు రోటర్ల ఇంజన్ ఉండేది. మన 13బికి రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308 సీసీ. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. మూడు మూలల రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్యనున్న ఎసెంట్రిక్ షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకీ ఒక్కో రోటర్లో ఒక మంట పడుతుంది. అందుకే ఇంత చిన్న ఇంజన్ అంత పవర్ ఇస్తుంది, వణుకు కూడా తక్కువ.

దీని కష్టాలు దీనికున్నాయి. రోటర్లను లోపల చల్లబరిచేది ఆయిలే. బయటికి పంపాల్సిన వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ ద్వారానే పోవాలి. ఎగ్జాస్ట్ గ్యాసు 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, మామూలు ఇనుప సైలెన్సరు దాని ముందు నిలవదు. ఈ కేసుకి అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. 13బిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజన్‌కి ఒకే పక్కన ఉంటాయి. ఇన్‌టేక్ పైన, ఎగ్జాస్ట్ కింద. అంటే ఇంజెక్టర్లు, వాటికి పెట్రోలు అందించే గొట్టం (రైలు) సరిగ్గా ఎగ్జాస్ట్ నెత్తిమీద కూర్చుంటాయి. కారులోనైతే ఫ్యాను, పెద్ద బానెట్, చుట్టూ ఖాళీ ఉంటాయి. విమానం కౌలింగ్ (ఇంజన్ని కప్పే తొడుగు) లోపల వేలు పెట్టే సందు కూడా ఉండదు.

ప్రొపెల్లర్‌కి, ఇంజన్‌కి మధ్య 2.85 నిష్పత్తి గేర్‌బాక్సు ఉంది. ఇంజన్ 6000 ఆర్‌పీఎం తిరిగితే ప్రొపెల్లర్ 2100 దగ్గర తిరుగుతుంది. ప్రొపెల్లర్ మూడు రెక్కలది. నేల మీద బోల్టులు వదులు చేసి రెక్కల కోణం మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం తర్వాత బాగా పనికొచ్చింది.

ట్యూనింగ్‌కి ముందు

మొదట కంప్రెషన్, అంటే రోటర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడటం. రోటరీకి మామూలు గేజ్ పెడితే మోసపోతాం. ఆ గేజ్‌లో ప్రెషర్ను పట్టి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది కాబట్టి, రోటర్ మూడు ముఖాల్లో ఏది ఎక్కువుంటే అది మాత్రమే చూపిస్తుంది. ఒక ముఖం సీలు పోయినా తెలియదు. ఆ వాల్వు తీసేసి, స్టార్టర్ తిప్పుతూ ముల్లు కొట్టే మూడు కొట్లనీ చూడాలి. మూడూ ఒకే ఎత్తులో పడాలి. 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకి 6 కేజీలకు తగ్గకూడదు. ఈ ఇంజన్ రెండు రోటర్లూ పాసయ్యాయి. గురువుగారు సీళ్లు పెట్టిన తీరు చూస్తే ఆశ్చర్యం అనిపించలేదు.

తర్వాత పెట్రోలు. 2025 నుంచి మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు ఇ20, అంటే నూటికి 20 వంతులు ఇథనాల్. ఏ బంకు పెట్రోలులో నిజంగా ఎంత ఉందో తెలుసుకోవడానికి 100 మిల్లీలీటర్ల కొలత గ్లాసు చాలు. 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 90 మిల్లీలీటర్ల పెట్రోలు కలిపి, మూత పెట్టి బాగా ఊపి, నిలబెట్టాలి. ఇథనాల్ పెట్రోలుని వదిలి నీళ్లలోకి దిగుతుంది. కింద పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేనట్టు, 28 దగ్గరికి వస్తే 20 శాతం ఉన్నట్టు. క్యాను తెచ్చిన ప్రతిసారీ ఇది చేయించాను. షెడ్డులో సాయం చేసే ఒడియా కుర్రాడు ఈ పరీక్ష నాకంటే ఇష్టంగా చేసేవాడు, ఫలితం గోడ మీద సుద్దతో రాసేవాడు.

ఇథనాల్ వల్ల రెండు పనులు పడతాయి. ఒకటి, మిక్స్చర్. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు బరువులో సుమారు తొమ్మిది శాతం ఎక్కువ పంపాలి. ఇథనాల్ లేని పెట్రోలుతో తయారైన మ్యాపుని ఇ20 మీద నడిపితే ఇంజన్ లీన్‌గా, అంటే పెట్రోలు చాలక నడుస్తుంది. ఈ ఇంజన్‌కి వచ్చిన మ్యాపు అలాంటిదే. అందుకే నేను గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెలు చూడను, లాంబ్డా చూస్తాను. ఏ పెట్రోలైనా లాంబ్డా 1 అంటే సరిపాళ్లు, 1 కంటే తక్కువంటే పెట్రోలు ఎక్కువ. పెట్రోలు మారినా ఈ లెక్క మారదు.

రెండోది ఆవిరి. దాని గురించి కిందే చెబుతాను, ఎందుకంటే మధ్యాహ్నపు తడబాటు మూలం అక్కడే ఉంది.

విమానాల పెట్రోలు వాడొచ్చు కదా అని అడిగారు. ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ ఇప్పుడు వడోదర రిఫైనరీలో తయారవుతోంది కానీ, అందులో సీసం ఉంటుంది. సీసం లాంబ్డా సెన్సర్ను చంపేస్తుంది. సెన్సర్ లేకుండా ట్యూనింగ్ చేయడమంటే చీకట్లో తడుముకోవడమే. పైగా ఈ ఇంజన్‌కి అంత ఆక్టేన్ అవసరం లేదు. రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లకి నూనె కావాలి కాబట్టి లీటరు పెట్రోలుకి ఏడెనిమిది మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతున్నాం. కారులో ఈ పని చేసే చిన్న పంపుని గురువుగారు ముందే తీసేశారు.

నడిపే చోటు కూడా సిద్ధం చేసుకోవాలి. మాది ఎర్రమట్టి. ప్రొపెల్లర్ కింద చిన్న రాయి ఉన్నా లేచి రెక్క అంచు కొట్టేస్తుంది. నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముందు భాగంలో రేకు పరిచాం. చక్రాలకు దుంగలు పెట్టి, తోక వైపు కొక్కేన్ని పత్తి వ్యాపారి దగ్గర తెచ్చిన వేలాడే ఎలక్ట్రానిక్ కాటాకి, కాటాని ట్రాక్టర్‌కి కట్టాం. కాటా మీద పడే బరువే థ్రస్ట్, అంటే ప్రొపెల్లర్ లాగే బలం. ప్రొపెల్లర్ తిరిగే గీతలో, దాని రెండు పక్కలా ఎవరూ నిలబడకూడదు. మంటలార్పే సిలిండర్ పట్టుకున్న మనిషి కాక్‌పిట్ వైపు చూస్తూ ఉండాలి. ఈ రెండు నియమాలు ఎంత అలవాటైనా వదలకూడదు.

తడబాటు ఎక్కడ నుంచి

తడబాటు అనగానే అందరూ ఇగ్నిషన్ అంటారు. అది తేల్చడం సులువు. 13బిలో ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు, లీడింగ్ ఒకటి, ట్రెయిలింగ్ ఒకటి. రెండింటికీ వేరే కాయిల్స్, వేరే కరెంటు. ఒక్కోటి ఆపి చూస్తే ట్రెయిలింగ్ ఆపినప్పుడు ఆర్‌పీఎం కొంచెం, లీడింగ్ ఆపినప్పుడు ఇంకాస్త ఎక్కువ పడింది. ఉండాల్సిన తీరే అది. వేడి మీద కూడా అంతే. ఇగ్నిషన్ పక్కకి పోయింది.

ఆ తర్వాత తడబాటుని కోరి తెప్పించాం. ఇంజన్ వేడెక్కాక, గాలి తోక వైపు నుంచి వచ్చేలా విమానాన్ని తిప్పి, ట్యాక్సీ స్పీడుకి (విమానం నేల మీద మెల్లగా వెళ్లే వేగానికి) సరిపడా ఆర్‌పీఎంలో 15 నిమిషాలు నడపడం. ఆపి, కౌలింగ్ తీయకుండా 15 నిమిషాలు వదిలేయడం. స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఐడిల్, వెంటనే ఫుల్ థ్రాటిల్. దీన్ని మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, ట్యాంకులో పావు వంతే పెట్రోలుతో చేశాం. తక్కువ పెట్రోలు త్వరగా వేడెక్కుతుంది, అందుకని. ఫ్యూయెల్ రైలు మీద, పంపు ముందు గొట్టం మీద వేడి కొలిచే థర్మోకపుల్స్ బిగించి, లాంబ్డా, ఫ్యూయెల్ ప్రెషర్, రెండు రోటర్ల ఎగ్జాస్ట్ టెంపరేచరు అన్నీ లాగ్ చేశాం.

లాగ్ చూస్తే విషయం రెండు ముక్కలుగా కనిపించింది. థ్రాటిల్ తెరవగానే మూడు నాలుగు సెకన్లు లాంబ్డా 1.15 దాకా లేస్తోంది, ముఖ్యంగా వెనక రోటర్ ఎగ్జాస్ట్ టెంపరేచరు ముందు రోటర్‌తో కలవడం లేదు. తర్వాత ఒక్క క్షణం సర్దుకుని, మళ్లీ చాలాసేపు మెల్లగా ఊగుతోంది. మొదటిదీ రెండోదీ ఒకే జబ్బు అనుకుంటే ఎన్ని భాగాలు మార్చినా సగమే తగ్గేది.

మొదటి ముక్క రైలు దగ్గరిది. ఆపిన తర్వాత ఎగ్జాస్ట్ వేడంతా పైకి లేచి రైలుని 88 డిగ్రీలకు తీసుకెళ్తోంది. నడుస్తున్నప్పుడు రైల్లో 3 బార్ ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఆ వేడికి కూడా పెట్రోలు ద్రవంగానే ఉంటుంది. పంపు ఆగాక ప్రెషర్ మెల్లగా జారిపోతుంది. ప్రెషర్ లేని చోట 88 డిగ్రీల పెట్రోలు ఆవిరి కాక ఏమవుతుంది? ఇథనాల్ ఒక్కటే 78 డిగ్రీలకు మరుగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు అంతకు చాలా ముందే లేస్తాయి. పైగా ఈ రైలు ఒక కొస మూసి ఉన్నది. ప్రెషర్ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ రైలుకి ముందుంది, రైలు నుంచి తిరుగుదారి లేదు. లోపల చేరిన ఆవిరి బయటికి పోవడానికి ఇంజెక్టర్లు తప్ప వేరే దారే లేదు. వెనక రోటర్ ఇంజెక్టర్ ఆ మూసిన కొస దగ్గర ఉంది కాబట్టి దెబ్బ ఎక్కువ దానికే తగులుతోంది. అనుమానం తీర్చుకోవడానికి ముందు, వెనక ఇంజెక్టర్లను తారుమారు చేశాం. జబ్బు ఇంజెక్టర్‌తో పాటు వెళ్లలేదు, వెనక రోటర్ దగ్గరే ఉండిపోయింది.

చేసిన మార్పు ఇది. రైలు రెండో కొస తెరిచి, రెగ్యులేటర్ను రైలు తర్వాతకి మార్చి, అక్కడి నుంచి ట్యాంకుకి రిటర్న్ లైను వేశాం. ఇప్పుడు కీ తిప్పి పంపు ఆన్ చేయగానే వేడి పెట్రోలు, ఆవిరి అన్నీ ట్యాంకుకి వెళ్లిపోయి చల్ల పెట్రోలు వస్తుంది. స్టార్టర్ నొక్కే ముందు 20 సెకన్లు పంపు నడపాలని చెక్‌లిస్టులో రాయించాను. రైలుకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు రేకు పెట్టి, కౌలింగ్ ముందు నుంచి ఒక చిన్న గొట్టంతో గాలి రైలు మీదికి కొట్టేలా చేశాం.

రిటర్న్ లైను వేసేవాళ్లకి ఒక హెచ్చరిక. పెట్రోలు ఏ ట్యాంకు నుంచి తీస్తున్నామో అదే ట్యాంకుకి తిరిగి వెళ్లాలి. కుడి ట్యాంకు నుంచి తీసి ఎడమ దాంట్లో పోస్తే, నిండిన ట్యాంకు గాలి గొట్టంలోంచి పెట్రోలు బయటికి కారిపోతుంది. ఇంజన్ తాగేదాని కంటే తిరిగి వెళ్లేదే ఎక్కువుంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. తీసే దారి, తిరిగే దారి ఒకే పిడితో మారే డ్యూప్లెక్స్ వాల్వు పెట్టాల్సిందే.

రైలు మార్చాక మొదటి మూడు నాలుగు సెకన్ల తడబాటు పూర్తిగా పోయింది. రెండో ముక్క, ఆ మెల్లటి ఊగుడు, అలాగే ఉంది.

ఇప్పుడు చూపు ప్రెషర్ మీదికి మళ్లింది. కాక్‌పిట్‌లో గేజ్ ముల్లు నిలకడగా 3 బార్ చూపిస్తోంది. కానీ ఆ గేజ్ ముల్లు అదరకుండా నెమ్మదిగా కదిలేలా చేసింది. రైలు మీద వేగంగా కొలిచే సెన్సర్ పెట్టి లాగ్ తీస్తే ప్రెషర్ 3 నుంచి 2.2కి దిగి మళ్లీ లేస్తోంది. పంపు ముందు కొంచెం మేర పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టి నడిపాం. చల్లగా ఉన్నప్పుడు గాజులా ఉంది. వేడి పరీక్షలో చూస్తే బుడగలే బుడగలు. గురువుగారు వంగి, చేతిలైటు పెట్టి చాలాసేపు చూశారు. “అదేటి బాబూ, ఇది పెట్రోలా, సోడాయా!” అన్నారు.

కారణం పంపులున్న చోటు. రెండు పంపుల్నీ, కాక్‌పిట్ నుంచి ఇంజన్ని వేరుచేసే గోడైన ఫైర్‌వాల్‌కి ఇంజన్ వైపు, పైభాగాన బిగించారు. ట్యాంకులు కింద రెక్కల్లో ఉన్నాయి. పంపు పెట్రోలుని పైకి పీల్చాలి. దానికి ముందు సన్న జల్లెడ ఫిల్టరు కూడా ఉంది, దాంట్లోంచీ పీల్చాలి. పీల్చే వైపు ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువుంటుంది. అక్కడ పెట్రోలు 58 డిగ్రీలు ఉంది. ఇ20 ఆ పరిస్థితిలో బుడగలు కట్టక మానదు. ఇంజెక్షన్ పంపులు నెట్టడంలో బలమైనవి, పీల్చడంలో బలహీనమైనవి. ఈ సంగతి తెలిసి కూడా చాలామంది చోటు దొరికిందని పంపుల్ని ఇంజన్ వైపే పెడతారు.

పంపులు రెండూ ఫైర్‌వాల్‌కి ఇటువైపు, కాక్‌పిట్ నేల మీద, ట్యాంకు దారి ఎత్తుకి దించాం. సన్న ఫిల్టరు పంపు తర్వాతకి పోయింది, ముందు పెద్ద కన్నాల జల్లెడ మాత్రమే ఉంచాం. గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ రకం వేశాం. కాక్‌పిట్‌లోకి పెట్రోలు జాయింట్లు వచ్చాయి కాబట్టి పంపులకు మూత పెట్టె చేసి, లీకైతే బయటికి కారేలా అడుగున గొట్టం పెట్టాం. ఈ పని బడ్జెట్‌లో లేదు, సమయం కూడా తిన్నది. అయినా ఇందులో రాజీ పడమని ఎవరూ అడగకూడదు, అడిగినా పడకూడదు.

తర్వాత ప్రవాహం కొలిచాం. విమానం ముక్కుని ఎక్కుడు కోణానికి లేపి, ట్యాంకులో తక్కువ పెట్రోలు పోసి, ఒక్క పంపుతో, పని చేసే ప్రెషర్ దగ్గర క్యానులోకి ఎంత పడుతుందో చూడాలి. పంపుతో నడిచే సిస్టమ్‌కి ఇంజన్ ఫుల్ పవర్లో తాగేదానికి 125 శాతం రావాలన్నది పాటించే లెక్క. ఈ ఇంజన్ గంటకి 50 లీటర్లకు పైనే తాగుతుంది. ఏ పంపుతోనైనా అంతకు రెట్టింపు కంటే ఎక్కువ వచ్చింది.

వేడి పరీక్ష మళ్లీ చేశాం. థ్రాటిల్ తెరిచాక లాంబ్డా గీత బల్లపరుపుగా ఉండిపోయింది. గురువుగారి ముఖంలో వెలుగు చూసి, నాకు కూడా ఆ రోజు చాలా తృప్తిగా అనిపించింది.

మిక్స్చర్, టైమింగ్

ఇక్కడ నేల మీద ట్యూనింగ్ చేసేవాళ్లకి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ప్రొపెల్లర్ తీసుకునే పవర్ ఆర్‌పీఎం ఘనం లెక్కన పెరుగుతుంది. అందుకని ఒక ప్రొపెల్లర్ కోణంతో థ్రాటిల్ ఎంత తెరిస్తే ఎంత ఆర్‌పీఎం అన్నది ఖాయమైపోతుంది. ఫ్యూయెల్ మ్యాపు పెద్ద గళ్ల పట్టిక. ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు ఇన్‌టేక్ ప్రెషర్. నేల మీద నడిపితే ఆ పట్టికలో ఒకే ఒక్క గీత వెంట గళ్లు మాత్రమే తాకుతాం. గాల్లోకి వెళ్లాక ఇంజన్ మిగతా గళ్లలోకి వెళ్తుంది. అప్పుడు అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు.

అందుకే ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి నడిపాం. కోణం పెంచితే ఇంజన్ మీద బరువు పెరిగి, తక్కువ ఆర్‌పీఎంలోనే ప్రెషర్ ఎక్కువున్న గళ్లు దొరుకుతాయి. తగ్గిస్తే ఎక్కువ ఆర్‌పీఎంలో తక్కువ ప్రెషర్ గళ్లు. మూడు కోణాలతో నడిపితే పట్టికలో మూడు గీతలు పడ్డాయి, మధ్య గళ్లను వాటిని బట్టి నింపాం. థ్రాటిల్ పూర్తిగా మూసి కిందికి దిగేటప్పటి గళ్లు మాత్రం నేల మీద దొరకవు. వాటిలో పెట్రోలు కాస్త ఎక్కువే ఉంచాను.

ఫుల్ థ్రాటిల్లో లాంబ్డా 0.82 నుంచి 0.90 వరకు మార్చి చూస్తే ఆర్‌పీఎంలో తేడా దాదాపు లేదు. 0.84 దగ్గర నిలిపాను. క్రూజ్‌లో (ఎత్తు మారకుండా నిలకడగా ఎగిరేటప్పుడు), ప్రెషర్ తక్కువున్న గళ్లలో 1.05. రోటరీ లీన్‌ని బాగానే తట్టుకుంటుంది, తాగుడు ఎక్కువైన ఇంజన్‌కి ఆ ఆదా అవసరం కూడా. ఐడిల్ దగ్గర లాంబ్డా మీటరు మాట నమ్మలేదు. ఈ ఇంజన్లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కొంతసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. మండని గాలి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోయి, మీటరు లేని లీన్‌ని చూపిస్తుంది. అక్కడ చెవితో, ఇన్‌టేక్ ప్రెషర్ నిలకడతో సర్దాను.

టైమింగ్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. షాఫ్టు కోణంలో 20 డిగ్రీల నుంచి 26 దాకా రెండేసి డిగ్రీలు పెంచితే ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఇంచుమించు కదల్లేదు. 22 దగ్గర ఉంచాం. అదే ఆర్‌పీఎం ఇచ్చే వాటిలో తక్కువ అడ్వాన్సే, అంటే ప్లగ్గు మరీ ముందుగా వెలగకపోవడమే మంచిది. ఎందుకంటే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) వస్తే అపెక్స్ సీలు విరుగుతుంది, ప్రొపెల్లర్ మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు.

ఆయిల్ వేడి

పవర్ నిలకడగా వచ్చాక ఆయిల్ గొడవ బయటపడింది. బయట 36 డిగ్రీలున్నప్పుడు మూడు నిమిషాల ఫుల్ పవర్లో ఇంజన్లోకి వెళ్లే ఆయిల్ 108కి చేరింది. నీళ్లు మాత్రం 90 లోపే ఉన్నాయి. రేడియేటర్ పెద్దది పెట్టి, ఆయిల్ కూలర్ని చిన్న తమ్ముడిలా చూసినట్టుంది. రోటరీలో ఆయిల్ వాటా ఎంతో పైన చెప్పాను. నేను 100 డిగ్రీలను హద్దుగా పెట్టుకుంటాను.

పెద్ద కూలర్ కొనే ముందు ఉన్నదానికి గాలి అందుతోందా చూశాం. పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసి, ఒక కొస కూలర్‌కి ముందు, ఇంకో కొస వెనక పెట్టాం. నీళ్ల మట్టంలో తేడా ఎంతో కూలర్లోంచి గాలిని నెట్టే బలం అంత. తేడా చాలా తక్కువ వచ్చింది. గాలి కూలర్లోంచి పోకుండా దాని చుట్టూ ఉన్న సందుల్లోంచి పోతోంది. సందులన్నీ సిలికాన్ రబ్బరు పట్టీలతో మూసి, గాలి దారిని మెల్లగా వెడల్పయ్యేలా ఫైబర్ గ్లాసుతో మళ్లీ పోశాం. కౌలింగ్ అడుగున గాలి బయటికి పోయే నోరు పెద్దది చేశాం. కూలర్ మార్చలేదు.

ఫలితాన్ని ఎప్పుడూ బయటి వేడి మీద ఎంత పెరిగిందన్న లెక్కలో రాసుకోవాలి. ముందు 72 డిగ్రీల పెరుగుదల, ఇప్పుడు 58. అంటే 42 డిగ్రీల రోజున 100 దగ్గర నిలుస్తుంది. పశ్చిమ ఒడిశాలో టిట్లాగఢ్ వైపు మే నెలలో ఎండ ఇంకా ముదురుతుంది, కాబట్టి 42 దాటిన రోజు ఎగరకూడదని పైలట్ పుస్తకంలో రాశాం. గాల్లో వేగం వల్ల గాలి బాగా దొరుకుతుంది, కానీ అది చూశాకే ఈ హద్దు మారుస్తాం.

కొరాపుట్ మీద

రాయగడ సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తు. లక్ష్మీపూర్ మీదుగా ఘాటీ ఎక్కితే కొరాపుట్ 870 మీటర్లు. రెక్కలు విప్పి, ముక్కు భాగం ట్రాలీ మీద కట్టి, తాత్కాలిక ట్యాంకుని రెక్కల ఎత్తులోనే అమర్చి పైకి తీసుకెళ్లాం. పవర్ తగ్గుతుందని అందరికీ తెలుసు, అది చూడటానికి వెళ్లలేదు. రాయగడలో బయటి గాలి ఒత్తిడి సుమారు 99 కిలోపాస్కల్స్, కొరాపుట్లో 91. పంపు దాకా పెట్రోలుని నెట్టేది ఆ ఒత్తిడే. అది తగ్గితే బుడగలు త్వరగా పుడతాయి. కింద నయమైన జబ్బు పైన తిరగబెడుతుందేమో చూడాలి. వేడి పరీక్ష అక్కడా చేశాం, పంపు ముందు పారదర్శక గొట్టం మళ్లీ పెట్టి. బుడగ కనిపించలేదు, లాంబ్డా కదల్లేదు.

అక్కడ ఇంకో మంచి విషయం చూశాం. కాటా మీద థ్రస్ట్ 240 కేజీల నుంచి 228కి తగ్గింది, కానీ ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం దాదాపు మారలేదు. గాలి పలచబడితే ఇంజన్ పవర్ తగ్గుతుంది, ప్రొపెల్లర్ తిప్పడానికి కావాల్సిన పవర్ కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. టర్బో లేని ఇంజన్‌కి ఇది బాగా వర్తిస్తుంది. అందుకే, ఒకే రెక్క కోణంతో, గాలి నిలకడగా ఉన్నప్పుడు వచ్చే ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఈ ఇంజన్ ఆరోగ్యానికి మంచి గుర్తు. ఏ ఊళ్లో, ఏ ఎండలో చూసినా ఇంచుమించు ఒకే అంకె రావాలి. ఇది 5950. ఏ రోజైనా ఇందులో 100 తగ్గితే ఎగరకుండా కారణం వెతకాలని గురువుగారు కాక్‌పిట్‌లో పలక అంటించారు.

ఇప్పుడు ఇంజన్ ఈ స్థితిలో ఉంది: ఇ20 పెట్రోలు, ఫుల్ థ్రాటిల్లో లాంబ్డా 0.84, టైమింగ్ 22 డిగ్రీలు, రైల్లో 3 బార్, వేడి పరీక్ష రెండు ఎత్తుల్లోనూ పాస్. మిగిలినవి రెండు. బంకులో ఇథనాల్ శాతం మారితే మ్యాపుని ఎంత సర్దాలో చూపే చిన్న నాబ్‌కి గుర్తులు పెట్టాలి. గేర్‌బాక్సు ఆయిల్ తీసి, అయస్కాంతం మీద ఇనుప రజను ఏమైనా చేరిందా చూడాలి. ఆ తర్వాత విమానం కాగితాలతో పాటు ఈ లాగులన్నీ తనిఖీకి వెళ్తాయి.